మా పడసాలలో దొరసాని నవల

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి కొన్ని పేజీలు కూడా లేవు. అందుకని దాని పేరేమిటో, ఎవరు రాశారో మాలో ఎవరికీ తెలియలేదు. మా చింతపండు మండీ పనిమీద చిక్కబళ్ళాపురం వెళ్ళిన మా ఆయన, బస్టాండు పక్కన పాత కాగితాలు అమ్మే మనిషి దగ్గర దాన్ని చూసి, నేను చదువుకుంటానని తెచ్చారు. ఇంగ్లీషు నుంచి తెలుగులోకి వచ్చిన కథ. విక్టోరియా రాణి కాలంలో, సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు, అక్కడ తల్లీ తండ్రీ లేక మేనమామ ఇంట్లో పెరిగే ఒక అమ్మాయి. మేము ఆమెను దొరసాని అనేవాళ్ళం.

అది యాభైల చివర. నాకు పెళ్ళయి చింతామణికి వచ్చి రెండేళ్ళయింది. మాది మిట్టేమరి. రెండూ కన్నడ రాజ్యంలో తెలుగు మాట్లాడే ఊళ్ళే. బడిలో మేమంతా కన్నడమే చదివాం. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా చదవడం రాయడం కన్నడంలోనే. మా నాయనకు అది నచ్చేది కాదు. చేని గట్టుమీద నన్ను కూర్చోబెట్టి, దుమ్ములో వేలితో తెలుగు అక్షరాలు దిద్దించాడు. ఆ చదువు వల్ల అత్తవారింట్లో ఆడవాళ్ళలో తెలుగు గడగడా చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే అయ్యాను. మా మామకూ తెలుగు చదవడం వచ్చు. కానీ ఆయనకు మండీ, చింతపండు, చెనిక్కాయలు తప్ప మరో లోకం ఉన్నట్టు కనిపించేది కాదు.

మధ్యాహ్నం మగవాళ్ళు భోజనాలు చేసి మండీకి పోయాక మేము పడసాలలో కూర్చుని విత్తనానికి చెనిక్కాయలు, అంటే వేరుశెనగలు, ఒలిచేవాళ్ళం. మొదటిరోజు నేను నాలుగు కాయలు ఒలవడం, ఒక పేజీ చదవడం చూసి మా అత్త ఊరుకోలేదు.

"నీలో నువ్వు చదువుకుంటే మాకేమొస్తాది? గట్టిగా చదువు. నీ పాలు కాయలు మేము ఒలుస్తాంలే" అంది.

అలా మొదలైంది. వినేవాళ్ళు ముగ్గురు: మా అత్త, మా ఆడబిడ్డ, పక్కింటి ఆమె. పక్కింటి ఆమెది శిడ్లఘట్ట. పట్టుగూళ్ళు పెంచి, తూచి అమ్మే ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి. ఏ విషయమైనా తూకం వేసి మాట్లాడేది.

మొదటి నాలుగు రోజులు నవ్వులతోనే గడిచాయి. ఆ ఊళ్ళో నెలల తరబడి ఎండే ఉండదని చదివితే, "మరి వడియాలు యాడ ఎండబెడతారు?" అని మా అత్త నిజంగానే దిగులుపడింది. దొరసానికి నడుము సన్నగా కనిపించాలని ఎముకలు కుట్టిన గుడ్డ బిగించి కడతారని చదివితే, పక్కింటి ఆమె ఒలిచే చెయ్యి ఆపి, "అట్ల కట్టుకొని నీళ్ళెట్ల చేదుతారు?" అని అడిగింది. విక్టోరియా రాణి అంటే ఎవరో చెప్పబోయాను. మా అత్త నన్ను ఆపి, మెడలోని కాసులదండ పైకి తీసి, అందులో ఒక పాత రూపాయి బిళ్ళ చూపించింది. "ఈయమ్మే గదా? నాకు తెలుసులే" అంది.

మా ఆడబిడ్డ మాత్రం ఎక్కువ మాట్లాడేది కాదు. పదిహేడేళ్ళ పిల్ల. ఎస్సెల్సీ పరీక్షలకు ఇంకా కొన్ని నెలలుండగానే బడి మాన్పించారు. బాగేపల్లి నుంచి సంబంధం వచ్చింది, మంచి భూములున్న ఇల్లు. వాళ్ళు వచ్చి చూసిపోయారు. పిల్ల తల వంచుకుని కాఫీ గ్లాసులు పెట్టి, దండం పెట్టి లోపలికి వచ్చేసింది. వాళ్ళకు నచ్చిందన్నారు. తాంబూలాలకు రోజు కూడా పెట్టేశారు. పిల్ల బడికి తీసుకుపోయే గుడ్డసంచి దూలానికి వేలాడుతూ ఉండేది. దాన్ని ఎవరూ తియ్యలేదు, ఆమె ముట్టుకోలేదు.

నేను వంటింట్లో నా తీరిక వేళ ముందు పేజీలు చదివేసేదాన్ని. అందువల్ల ఏం రాబోతోందో నాకు తెలుసు. మేనమామ దొరసానికి ఒక ఓడల యజమానితో పెళ్ళి నిశ్చయిస్తాడు. ఆ మనిషి చెడ్డవాడు కాదు. కానీ ఆమెతో నేరుగా ఒక్క మాటా మాట్లాడడు. ఆమె కూర్చునుండగానే, "అమ్మాయికి ఆరోగ్యం బాగుంటుంది కదా?" అని మేనమామను అడుగుతాడు. పెళ్ళికి ముందు ఒకసారి మాట్లాడాలని ఆమె ఉత్తరం రాస్తే మేనమామ దాన్ని చింపేస్తాడు. చివరికి పెళ్ళిరోజు వస్తుంది. ఆ పేజీలు చదవకుండా దాటేద్దామా అని ఒకసారి అనుకున్నాను. నిజం చెప్పాలంటే, ఆ ముగ్గురూ ఏమంటారో వినాలన్న ఆశే నన్ను దాటనివ్వలేదు.

తాంబూలాలకు ఆరు రోజులుందనగా ఆ మధ్యాహ్నం చర్చి ఘట్టం చదివాను. నిండా జనం. పాదిరి ముందు వరుణ్ణి అడుగుతాడు, ఈమెను భార్యగా చేసుకోవడం నీకు సమ్మతమా అని. అతను సమ్మతమే అంటాడు. తరువాత పాదిరి దొరసాని వైపు తిరుగుతాడు.

మా అత్త చెయ్యెత్తి నన్ను ఆపింది. "ఉండు. ఆ పిల్లను అడుగుతారా?"

"అడుగుతారంట అత్తా. వాళ్ళ పద్ధతి అది."

"అంతమంది ముందర?"

"అంతమంది ముందరే."

"ఊరికే అడిగేది. ఊ అనాల్సిందే గదా" అంది పక్కింటి ఆమె.

నేను మళ్ళీ పుస్తకంలోకి చూశాను. దొరసాని తల ఎత్తి, పాదిరి కళ్ళలోకి చూసి, "నాకు సమ్మతం కాదు" అంటుంది. ఆ వాక్యం చదివి ఆగిపోయాను. కాయలు పగిలే చప్పుడు కూడా ఆగిపోయింది.

ముందుగా మా అత్తే అందుకుంది. "అన్నం పెట్టి సాకినోని తల తీసేసింది! ఏం పిల్లమ్మా ఇది?"

"ఇష్టం లేకుంటే ముందే చెప్పొచ్చు గదా" అంది పక్కింటి ఆమె. "అందరినీ పిలిపించి, వంటలు చేయించి, అప్పుడా చెప్పేది?"

"ముందర ఆయమ్మను ఎవురడిగినారు?"

ఆ మాట అన్నది మా ఆడబిడ్డ. ఒళ్ళోని చేటను కిందపెట్టింది.

"జాబు రాస్తే చింపేసినారు. నోరు తెరిస్తే ఊరుకోమన్నారు. అడిగినప్పుడు చెప్పింది. దాంట్లో తప్పేముండాది?" అని, తల వంచుకునే, "నన్ను ఎవురూ అడగనే లేదు" అంది.

మా అత్త ఆమె వంక చూసి, "పుస్తకం మూసెయ్" అంది నాతో. పక్కింటి ఆమె కొంగు దులుపుకుని, పొయ్యిమీద ఏదో మరిచి వచ్చానని వెళ్ళిపోయింది. నేను పొట్టు ఊడుస్తూ, ఇది ఇంతటితో ఆగితే చాలునని అనుకున్నాను.

ఆగలేదు. ఆ సాయంత్రం మామ మండీ నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే మా ఆడబిడ్డ తుండుగుడ్డ అందించి, అక్కడే నిలబడింది.

"నాయనా, ఆ బాగేపల్లి ఆయప్పతో నేను ఒక మాట మాట్లాడాల."

మామ మొదట నవ్వారు. పరిహాసమనుకున్నారు. ఆమె కదలకపోయేసరికి ముఖం మారింది. "ఏం మాట్లాడేది? ఎవురు నేర్పించినారు నీకిది?"

"ఎవురూ నేర్పించలేదు."

అయినా సంగతి తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. మా ఇంట్లో మామ నాతో నేరుగా మాట్లాడేవారు కాదు. ఏదన్నా ఉంటే అత్తతో చెప్పేవారు. నేను నాలుగు అడుగుల దూరంలో తలుపు వారగా నిలబడి ఉంటే, ఆయన అత్త వైపే చూస్తూ, "ఆ పుస్తకం తెమ్మను" అన్నారు. తెచ్చి ఇచ్చాను. "దీంట్లో ఏముండాదో అడుగు."

"మంచి కథే మామా. చివర ఆయమ్మ ఆయప్పనే పెండ్లి చేసుకుంటాది" అన్నాను.

అబద్ధం కాదది. కథ చివర నిజంగా అంతే. కానీ ఆ క్షణంలో నేను చెప్పింది అబద్ధమేనని నాకు తెలుసు. ఆయన పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మండీకి వెళ్ళి వచ్చారు. వచ్చేటప్పుడు చేతిలో పుస్తకం లేదు. పీటమీద కూర్చుంటూ, ఈసారీ అత్తతోనే, నాకు వినిపించేలా అన్నారు: "తాంబూలాలు చెడిందంటే ఆ పిల్లను మిట్టేమరికి పంపించేది. మళ్ళా ఈ ఇంటికి వచ్చే పని లేదు."

ఆ పిల్ల అంటే నేను.

రెండేళ్ళు కాపురం చేసి, ఒడిలో బిడ్డ లేకుండా, ఒక నవల చదివిన పాపానికి పుట్టింటికి వెళితే మా నాయన ముఖం ఎలా ఉంటుందో నాకు కళ్ళకు కట్టింది. అన్నం సయించలేదు. మా ఆయనకు కూడా భయం పట్టుకుంది. మర్నాడు పొద్దున బయలుదేరుతూ నన్ను పెరట్లోకి పిలిచారు.

"చివర ఏమైతాదో దానికి చెప్పు. ఆయప్పనే చేసుకుంటాదని చెప్పు. పిచ్చి దిగుతాది."

"చెప్తే వింటాదా?"

"వినేటట్ల చెప్పు. లేకుంటే నాయన నిన్ను పంపించేది నేను ఆపలేను" అన్నారు. ఆ మాట అన్నాక నా వైపు చూడలేదు.

చెప్పాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంటుంది. ఆడబిడ్డ రాతిమీద బట్టలు ఉతుకుతోంది. నేను పక్కన కూర్చుని కథ మిగిలింది గబగబా చెప్పేశాను. దొరసాని ఊరు వదిలి వెళ్ళి ఒక పల్లెలో చిన్నపిల్లలకు చదువు చెబుతుంది. ఏడేళ్ళు గడుస్తాయి. ఆ ఓడల యజమాని ఒకరోజు ఆ బడికి వస్తాడు. ఇద్దరూ పెళ్ళి చేసుకుంటారు. "చూడు, ఎట్ల తిరిగినా ఆయప్పే. ముందరే ఊ అనుంటే ఏడేండ్లు మిగిలేది గదా" అన్నాను.

ఆమె బట్ట పిండడం ఆపింది. "ఆయప్ప ఊరికే వచ్చినాడా? వచ్చి ఏమన్నాడు?"

"నీకు సమ్మతమా అని అడిగినాడు."

"ఎవుర్ని?"

"ఆయమ్మనే."

"ఆయమ్మ చేసుకునింది అడిగినాంక గదా వదినా" అంది. బట్ట దులిపి తాడుమీద వేసింది.

ఆ నవల మీద అంతకంటే మంచి మాట నేను వినలేదు. నేను రెండుసార్లు చదివాను, నాకు తట్టలేదు. అక్కడ కూర్చునే నా చేతులు చూసుకున్నాను. ఇక ఆమెకు ఏమీ చెప్పకూడదనుకున్నాను.

తరువాతి నాలుగు రోజులు ఇల్లంతా ఊపిరి బిగబట్టుకుని ఉంది. ఆడబిడ్డ ఏడవలేదు, అలగలేదు. వేళకు తిన్నది, చెప్పిన పని చేసింది. ఆ నెమ్మదే అందరినీ భయపెట్టింది. బావి దగ్గరికి ఆమెను ఒంటరిగా పంపొద్దని మా అత్త నాకు చెప్పింది. నేను బిందె పట్టుకుని వెనకే వెళితే, చేద బావిలోకి వదులుతూ ఆమె నా వైపు తిరిగింది.

"నా ఎనక రావాల్సిన పని లేదు వదినా. చచ్చేటంత తప్పు నేనేమీ చెయ్యలేదు" అంది.

నేను ఆమె చేతిలోంచి తాడు తీసుకుని చేదాను. ఆమె కూడా ఒక చెయ్యి వేసింది.

తాంబూలాలకు ముందురోజు పొద్దున అత్తా నేనూ వక్కలు కత్తిరిస్తున్నాం. నాలుగు రోజులుగా ఆడబిడ్డను తిడుతూ వచ్చిన నోరు అత్తది. ఉన్నట్టుండి అడిగింది: "ఆ పాదిరి నిజ్జంగానే అడుగుతాడా? కథ కోసరం రాసినారా?"

"నిజ్జంగానే అడుగుతారంట అత్తా."

ఆమె అడకత్తెర పక్కన పెట్టింది. "నాకప్పుడు పదకొండేండ్లు. మా నాయన భుజం మీద ఎత్తుకోనిపోయి పీటమీద కూర్చోబెట్టినాడు. నేను నిద్రపోయినా. లేచి చూస్తే మెడలో తాళి ఉండాది" అంది. నవ్వుతూ చెప్పబోయింది గానీ నవ్వు రాలేదు. మళ్ళీ అడకత్తెర తీసుకుంది.

మర్నాడు బాగేపల్లి వాళ్ళు రెండు జట్కాల్లో బస్టాండు నుంచి వచ్చారు. పిల్లవాడు, అతని తల్లిదండ్రులు, మేనమామ, ఇంకో నలుగురు. పడసాలలో చాపలు పరిచాం. పురోహితుడు లగ్నపత్రిక చదివాడు. నేను కాఫీ గ్లాసుల పళ్ళెం పట్టుకుని తిరుగుతుంటే గ్లాసులు ఒకదానికొకటి తగిలి మోగుతున్నాయి. ఆ చప్పుడు అందరికీ వినిపిస్తుందేమోనని పళ్ళేన్ని పొట్టకు ఆనించుకున్నాను. మామ నవ్వుతూ మాట్లాడుతున్నారు కానీ మెడ దగ్గర నరం ఉబ్బి ఉంది. ఆడబిడ్డ గోడవార కూర్చుంది. కళ్ళు నేలమీద ఉన్నాయి.

పురోహితుడు తాంబూలాల పళ్ళెం రెండువైపుల పెద్దల మధ్యకు జరిపాడు. ఇద్దరు తండ్రులూ చేతులు చాచారు. అప్పుడు నడిమింటి గడపలో నుంచి మా అత్త గొంతు వినబడింది.

"రవ్వంత ఉండండప్పా. పిల్లను ఒక మాట అడగాల."

మామ తలెత్తి చూసిన చూపు నాకు గుర్తుంది. అందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. ముప్పై ఏళ్ళ కాపురంలో ఆమె పదిమందిలో నోరెత్తడం ఆయన చూడలేదు.

"ఇప్పుడేమమ్మా అడిగేది?" అన్నాడు పిల్లవాడి మేనమామ. "అంతా అయిపోయిండాది గదా."

మా అత్త గడప దాటి వచ్చి కూతురి ముందర నిలబడింది. "ఏమ్మా, నీకు సమ్మతమేనా? చెప్పు."

ఆడబిడ్డ తల ఎత్తింది. ఆమె కాదంటుందనే నేను అనుకున్నాను. కానీ ఆమె అలా అనలేదు. "ఆయప్పతో ఒక మాట మాట్లాడాల" అంది.

ఒక్కసారిగా అందరూ మాట్లాడారు. ఇదేమి మర్యాద అని ఒకరు, పిల్లకు ఒంట్లో బాగలేదా అని ఒకరు. మేనమామ కండువా దులిపి లేవబోయాడు. ఆ గోలలో పిల్లవాడు లేచి నిలబడ్డాడు. వాళ్ళమ్మ అతని చొక్కా అంచు పట్టుకుంది. అతను మెల్లగా విడిపించుకుని, "మాట్లాడతా. మాట్లాడితే ఏమైతాది?" అన్నాడు.

పెరట్లో చెనిక్కాయల మూటలు పేర్చిన రేకుల చావడి ఉంది. ఇద్దరూ అక్కడ నిలబడ్డారు. అత్తా నేనూ తులసికోట దగ్గర నిలబడ్డాం. మాటలన్నీ వినబడుతున్నాయి.

"నేను ఎస్సెల్సీ పరీక్ష రాయాల" అంది ఆడబిడ్డ. "ఆ తరువాత టీచర్ ట్రైనింగుకు పోవాల. పెండ్లయినాంక అయినా సరే. మీకు సమ్మతమేనా?"

"మా ఇంట్లో ఆడోళ్ళు పనికి పొయ్యేది లేదు" అన్నాడు అతను.

"ఇంటి మాట కాదు. మీరేమంటారు?"

"నాకేముండాది... మా నాయన్ను అడగాల."

"అడగండి. నేను ఈడనే ఉంటాను."

అతను లోపలికి వెళ్ళాడు. వెళ్ళి నిజంగానే అడిగాడు, అందరి ముందర. అతన్ని గురించి నేను చెడ్డగా చెప్పలేను. అంత ధైర్యం ఆ గదిలో ఉన్న ఏ మగవాడికీ లేదు. వాళ్ళ నాయన కొడుకు వైపు చూడకుండా మా మామ వైపు చూశాడు. "తాంబూలం పుచ్చుకునేకి ముందరే ఇన్ని అడిగే పిల్ల, రేపు ఏమేమి అడుగుతాదో అప్పా. మాకొద్దు" అని లేచాడు. ఒకరి వెనక ఒకరు చెప్పులు తొడుక్కున్నారు. పిల్లవాడు అందరికంటే వెనక వెళ్ళాడు. గడప దగ్గర ఆగి, మా అత్తకు చేతులు జోడించాడు.

ఆడబిడ్డ చావడిలోనే మూటమీద కూర్చుని ఉంది. నేను వెళ్ళి చెప్పాను. ఆమె అప్పుడు ఏడ్చింది. నా భుజం తడిసిపోయింది. వాళ్ళు ఒప్పుకుంటారని ఆమె కొంచెమైనా ఆశపడి ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది.

మామ ఆ పూట ఇంట్లో భోంచెయ్యలేదు, మర్నాడూ చెయ్యలేదు. మూడోరోజు మధ్యాహ్నం వచ్చి పడసాలలో నిలబడి, బాగేపల్లి బస్సులో ఆ పిల్లను ఎక్కించండి, అక్కణ్ణుంచి మిట్టేమరికి వాళ్ళ నాయన తీసుకుపోతాడు అన్నారు. నేను నా ట్రంకుపెట్టె ముందే సర్దుకుని ఉన్నాను. మా ఆయన తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. ఆపలేనన్న మనిషి.

"నాయనా, పుస్తకం తెచ్చింది నేను. పంపేదుంటే నన్ను గూడా పంపు" అన్నారు.

తండ్రికి ఎదురు మాట్లాడటం ఆయనకు అదే మొదలు. చెవులు ఎర్రబడిపోయాయి. మామ కొడుకు వైపు చూశారు. కండువా భుజాన వేసుకుని మండీకి వెళ్ళిపోయారు. నేను పెట్టె విప్పలేదు. వారం రోజులు అది అలాగే గోడవార ఉంది. రోజూ బస్సు వేళకు తలుపు వైపే చూసేదాన్ని. ఎవరూ ఏమీ అనలేదు. ఎనిమిదోరోజు మా అత్త వచ్చి, పెట్టె మూత తీసి, నా చీరలు తనే దండెం మీద వేసింది.

వీధిలో వాళ్ళు మాత్రం ఊరుకోలేదు. పిల్లకు గాలి సోకిందన్నారు. నేను ఇంగ్లీషువాళ్ళ మతం నేర్పుతున్నానన్నారు. నీళ్ళ దగ్గర నన్ను చూసి ఆడవాళ్ళు మాటలు ఆపేసేవాళ్ళు. పక్కింటి ఆమె ఒక్కతే మామూలుగా వచ్చేది. "నేనైతే ఆ పిల్ల చేసింది తప్పనే అంటా. అయినా ఆయప్పోళ్ళు చేసింది అంతకంటే తప్పు" అని తన తూకం చెప్పింది.

నెల దాటిందేమో, ఒక మధ్యాహ్నం మామ పెందలాడే ఇంటికి వచ్చారు. మేము పడసాలలో ఉన్నాం. ఆయన కండువాలోంచి ఆ అట్టలేని పుస్తకం తీసి నా ముందర చాపమీద పెట్టారు. నేను లేచి నిలబడ్డాను. ఆయన నాతో నేరుగా మాట్లాడటం అదే మొదటిసారి.

"ఏమ్మా, దీంట్లో నడిమధ్యన రెండు కాగితాలు లేవు. ఆ ఏడేండ్లూ ఓడలాయప్ప ఏమి చేస్తాండాడు?"

నాకు నవ్వాలో భయపడాలో తెలియలేదు. "నాకూ తెలీదు మామా. తెచ్చినప్పుడే చిరిగిపోయిండాయి."

"చివర బాగలేదు" అన్నారు ఆయన. "మంచోడే అయితే అడిగేకి ఏడేండ్లు ఏల పట్టాల? మర్నాడే పోయి అడగాల్సింది. రాసినోళ్ళకు బుద్ధి లేదు."

మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన గోడవైపు తిరిగి, ఎవరినో అడిగినట్టు, "పరీక్షకు దుడ్డు ఎప్పుడు కట్టాలంట?" అన్నారు. నేనే చెప్పాను, ఇంకా గడువుందని. బడికి ఆయనే స్వయంగా వెళ్ళి హెడ్మాస్టరుతో మాట్లాడి వచ్చారు.

పుస్తకం మిగిలిన భాగం ఆ వారమే చదివి ముగించాం. దొరసాని చివర పెళ్ళికి ఒప్పుకోవడం మా అత్తకు నచ్చలేదు. "నేనైతే బడి పిల్లోళ్ళతోనే ఉండిపోతా" అంది. పక్కింటి ఆమె ఒప్పుకోవాల్సిందే అంది. ఇద్దరూ పొద్దుగూకేదాకా వాదించుకున్నారు.

ఆడబిడ్డ పరీక్షలో తేరింది. ట్రైనింగుకు చిక్కబళ్ళాపురం వెళ్ళింది. బాగేపల్లి అతనికి ఆ వేసవిలోనే మరొకచోట పెళ్ళయిందని విన్నాం. ఆ కబురు ఆమె ముందర ఎవరూ ఎత్తలేదు. సంబంధాలు మాత్రం చాలా ఏళ్ళు రాలేదు. వచ్చినవీ ఆ పాత సంగతి తెలిసి మళ్ళిపోయాయి. మామ ఆ దిగులు పైకి చెప్పేవారు కాదు, కానీ జుట్టు తొందరగా నెరిసింది. ఇరవై ఆరో ఏట ఆమెకు పెళ్ళయింది, పెళ్ళికొడుకు తనలాగే బడిపంతులు. అతను మా ఇంటికి వచ్చినప్పుడు పడసాలలో వాళ్ళిద్దరినీ వదిలి మేమంతా లోపలికి వెళ్ళాం. ఎవరూ చెప్పకుండానే వెళ్ళాం.

పెళ్ళికి ముందు ఆమెకు మొదటి ఉద్యోగం బట్లహళ్ళిలో వచ్చింది. మొదటి నెల గడిచాక ఒక ఆదివారం ఇంటికి వచ్చింది. కాళ్ళనిండా దుమ్ము, గొంతు బొంగురుపోయి ఉంది. ఒకే గదిలో నాలుగు తరగతులు, పలకలు లేని పిల్లలు సగం మంది, వానొస్తే అందరూ ఒక మూలకు చేరాలంట. అన్నం కలుపుకుంటూ చెబుతూనే ఉంది. ఎప్పుడూ తినగానే లేచిపోయే మామ ఆ రోజు లేవలేదు. చెయ్యి ఎండిపోయినా అలాగే కూర్చుని, "ఊ, తరువాత?" అంటూ వింటున్నారు.